జోన్ పేరు మాది, పెత్తనం ఎవరిది?

ఖండన ప్రకటన
కాళేశ్వరం, మహదేవపూర్ మండలం, జయశంకర్ భూపాలపల్లి జిల్లా

ప్రజల సొమ్ముతో నడిచే ఐటీఐల మీద, ఒకేషనల్ కోర్సుల మీద, స్వల్పకాలిక నైపుణ్య శిక్షణ కేంద్రాల మీద అజమాయిషీని ఈ ప్రాంత ప్రజలకు ఏ విధంగానూ జవాబు చెప్పనక్కరలేని ఏర్పాట్ల చేతిలో పెట్టిన తీరును మా సంఘం తీవ్రంగా ఖండిస్తున్నది. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల్లో ఐటీఐ చదివి పనుల్లో కుదురుకున్నవాళ్లం, పాఠం చెప్పి రిటైరైన అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్లం (ఏటీఓలం), ఇవాళ ఆ వర్క్‌షాపుల్లో నిలబడి నేర్చుకుంటున్న పిల్లల తల్లిదండ్రులం కలిసి పెట్టుకున్న సంఘం మాది. ఈ ప్రకటన ఒక పార్టీ మీదనో ఒక మంత్రి మీదనో కాదు. ఈ విషయంలో ఢిల్లీ, హైదరాబాద్ ఒకే దారిన నడిచాయి. హైదరాబాద్‌లో ప్రభుత్వం మారినా దారి మారలేదు. అందుకే అందరినీ కలిపే అంటున్నాం.

కాళేశ్వరం పేరు మీద ఒక జోన్ ఉన్నది. 2018 ఆగస్టు నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో రాష్ట్రం ఏడు జోన్లయింది. ఆసిఫాబాద్, మంచిర్యాల, పెద్దపల్లి, భూపాలపల్లి జిల్లాలు కాళేశ్వరం జోన్‌లోకి వచ్చాయి. ములుగు వేరే జిల్లా అయినంక 2021 సవరణలో అదీ చేరింది. మహబూబాబాద్ భద్రాద్రి జోన్‌కు పోయింది, జనగామ యాదాద్రి జోన్‌కు పోయింది. 2016 దాకా హన్మకొండ కలెక్టరేట్ మెట్లు ఎక్కి ఒకే అధికారికి దరఖాస్తు పెట్టుకున్న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఇప్పుడు మూడు జోన్లు. జనగామకైతే కొన్ని జోన్లను కలిపిన మల్టీజోనే వేరు. స్థానికులకు కొలువులు దక్కాలన్న మాట మంచిదే, ఆ మాట కోసం కొట్లాడిన తరం మాది. 2021 డిసెంబరులో ఉద్యోగులను కొత్త జిల్లాలకు సర్దే 317 జీవో వచ్చినప్పుడు భర్త ఒక జిల్లాకు, భార్య ఒక జిల్లాకు చెదిరిన టీచర్ల ఇళ్లనూ చూశాం, ఆ గోడు వేరే కథ. ఇక్కడ మేం అడిగేది ఒకటే. జోన్ గీత గీసింది ఉద్యోగం పంచడానికి. ఆ ఉద్యోగానికి పిల్లవాణ్ణి తయారుచేసే చదువు ఎట్లున్నదో, శిక్షణ ఎట్లున్నదో చూసే బోర్డు మాత్రం ఏ జోన్‌కూ లేదు. కాళేశ్వరం జోన్‌కూ లేదు.

అట్లాంటి బోర్డు మా ప్రాంతానికి కొత్త సంగతి కాదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణకు ప్రాంతీయ మండలి కావాలని రాసుకున్నారు. అది 1958లో తెలంగాణ ప్రాంతీయ సంఘంగా ఏర్పడింది. ఈ ప్రాంతం నుంచి గెలిచిన శాసనసభ్యులే అందులో సభ్యులు. ప్రాథమిక, మాధ్యమిక విద్య, తెలంగాణలోని విద్యాసంస్థల్లో ప్రవేశాల క్రమబద్ధీకరణ, కుటీర, చిన్నతరహా పరిశ్రమలు దాని పరిధిలోని అంశాలు. దానికి పళ్లు లేకుండా చేశారన్నదీ నిజమే: ప్రభుత్వానికీ సంఘానికీ తేడా వస్తే గవర్నర్ చెప్పిందే తుది. 1973 సెప్టెంబరులో వచ్చిన ఆరు సూత్రాల పథకంతో ఆ సంఘమే రద్దయింది. ప్రవేశాల్లో స్థానికులకు 85 శాతం కోటా 1974 ఉత్తర్వుగా మిగిలింది. లోపల పాఠం ఎట్లా నడుస్తున్నదో అడిగే అధికారం సంఘంతోపాటే పోయింది. కోరలు లేని సంఘమే కావచ్చు, కనీసం ప్రశ్న అడగడానికి ఒక కుర్చీ, ఆ ప్రశ్నను రాసుకోవడానికి ఒక మినిట్స్ పుస్తకం ఉండేవి. తెలంగాణ వచ్చినంక ఆ రెండూ తిరిగొస్తాయనుకున్నాం. ఆచార్య జయశంకర్ గారి పేరు మా జిల్లాకే పెట్టుకున్నాం. చదువుల్లో, కొలువుల్లో ఈ ప్రాంతం వాటా ఎంతో లెక్కలు తీసి చూపించడం ఆయన జీవితకాలపు పని. ఆయన పేరున్న జిల్లాలో ఇవాళ ఒక తల్లి తన కొడుకు చేరిన ట్రేడ్‌కు ఇన్‌స్ట్రక్టర్ ఎందుకు లేడని అడగాలంటే ఏ తలుపు తట్టాలో తెలియదు.

తెలియకపోవడం ఆమె తప్పు కాదు. ఐటీఐకి అఫిలియేషన్, సిలబస్, పరీక్ష, సర్టిఫికెట్ ఢిల్లీలోని శిక్షణ డైరెక్టరేట్ జనరల్ వ్యవహారం. భవనం, జీతాలు హైదరాబాద్‌లోని ఉపాధి, శిక్షణ శాఖవి. పాలిటెక్నిక్‌కు సాంకేతిక విద్యా మండలి, ఒకేషనల్ ఇంటర్‌కు ఇంటర్మీడియట్ బోర్డు. స్వల్పకాలిక కోర్సులకు జాతీయ నైపుణ్యాభివృద్ధి సంస్థ, దాని కింద సెక్టార్ స్కిల్ కౌన్సిళ్లు, వాటి కింద ట్రైనింగ్ పార్ట్‌నర్లు. వృత్తి శిక్షణ నాణ్యతకు 2018లో నోటిఫై చేసిన జాతీయ వృత్తి విద్య, శిక్షణ మండలి ఇంకొకటి. జిల్లాలో ఉన్నదల్లా కలెక్టర్ అధ్యక్షతన నైపుణ్య కమిటీ. కలెక్టర్‌కు ధాన్యం కొనుగోళ్ల నుంచి వరద సహాయం దాకా ఎన్ని కమిటీలో లెక్క లేదు, ఈ కమిటీ వంతు ఎప్పుడొస్తుందో మాలాంటివాళ్లకు తెలిసే దారి లేదు. కాళేశ్వరం నుంచి హైదరాబాద్‌కు రెండు వందల యాభై కిలోమీటర్లకు పైనే. ఢిల్లీ మాట ఎత్తనక్కరలేదు.

రాజ్యాంగం మాత్రం ఇట్లా చెప్పలేదు. 73వ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూలులో 29 అంశాలున్నాయి. 17వది ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో కూడిన విద్య, 18వది సాంకేతిక శిక్షణ, వృత్తి విద్య. ఇవి పంచాయతీరాజ్ సంస్థలకు అప్పగించదగినవి. అంటే జిల్లా పరిషత్తులో కూర్చునే జడ్పీటీసీ సభ్యురాలు ఐటీఐ ప్రిన్సిపాల్‌ను పిలిచి ఎందరు చేరారు, ఎందరు మధ్యలో మానేశారు అని అడగగలగాలి. అప్పగించడం రాష్ట్రాల ఇష్టానికి వదిలారు, రాష్ట్రాలు పట్టించుకోలేదు. పోనీ అడగడానికైనా ఎవరున్నారు? జిల్లా పరిషత్తుల పదవీకాలం 2024 జూలై తొలివారంలో ముగిసి ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది. కలెక్టర్ కమిటీని కలెక్టరే ప్రశ్నించుకోవాలన్నమాట.

దూరపు అజమాయిషీ ఏం చేస్తుందో చెప్పడానికి మా మాట అక్కరలేదు, కాగ్ చెప్పింది. స్వల్పకాలిక శిక్షణ ఇచ్చే కేంద్ర పథకం ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన మీద 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకొచ్చిన నివేదికలో ఆడిటర్లు పోర్టల్ రికార్డులు తెరిచి చూశారు. 95.90 లక్షల మంది అభ్యర్థుల్లో 90.66 లక్షల మందికి బ్యాంకు ఖాతా గడిలో సున్నాలో, ఖాళీనో, పనికిరాని అక్షరాలో ఉన్నాయి. అంటే 94.53 శాతం. ఒకే ఫొటో పలువురు అభ్యర్థుల పేరిట కనిపించింది. అభ్యర్థులను నేరుగా అడుగుదామని ఈ-మెయిళ్లు పంపితే మూడో వంతుకు పైగా చేరనేలేదు. ఖాతా వివరాలు తప్పనిసరి కాదు, ఆధార్ ద్వారా చెల్లింపు చేస్తామని మంత్రిత్వ శాఖ సమాధానం. సరే, ఆ సమాధానాన్నే తీసుకుందాం. ఖాతా గడి అక్కరలేకపోతే తీసేయాలి గదా, సున్నాలు కొట్టించుకోవడం దేనికి? మహదేవపూర్‌లోనో డోర్నకల్‌లోనో ఒక గ్రామసభ ముందు ఆ లిస్టు చదివి ఉంటే మొదటి పేజీ దాటకముందే ఎవరో ఒక ముసలాయన లేచి, "ఈ పేరు గల పిలగాడు మా ఊర్లో లేడు బిడ్డా" అని ఉండేవాడు. పోర్టల్‌కు ఆ గొంతు లేదు.

ఆ గొంతుకు ప్రభుత్వ వ్యవస్థలో చోటిచ్చింది తెలుగు నేలే అన్నది ప్రభుత్వాలు మరచినట్టున్నాయి. ఉపాధి హామీలో సోషల్ ఆడిట్‌ను పట్టుదలగా నడిపి, దానికోసం విడిగా ఒక సొసైటీనే పెట్టుకున్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. మండల ఆఫీసు ఆవరణలో టెంటు వేస్తారు. మస్టర్ రోల్ చదువుతారు. ఫలానా తేదీల్లో ఫలానా చెరువు పూడిక పనికి ఫలానా ఆమె ఆరు రోజులు వచ్చింది అని మైకులో అంటే, ఆమె అక్కడే లేచి నాలుగు రోజులే వచ్చిన అంటుంది. మేట్ తల దించుకుంటాడు, ఫీల్డ్ అసిస్టెంట్ కాగితాలు వెతుకుతాడు, రికవరీ రాస్తారు. లోపాలున్నాయి, రికవరీలు ఏళ్ల తరబడి వసూలు కాని సంగతీ తెలుసు. కానీ రెండు రోజుల కూలీకి ఇంత లెక్క అడిగే వ్యవస్థ, ఒక్కో పిల్లవాడి పేర వేల రూపాయలు తీసుకునే ట్రైనింగ్ పార్ట్‌నర్‌ను ఏ టెంటు కిందికీ ఎందుకు పిలవదు? తట్ట మోసే ఆమె మీద ఉన్న అనుమానం ప్రాజెక్టర్ పెట్టి ప్రజెంటేషన్ ఇచ్చే కంపెనీ మీద లేకపోవడాన్ని మేం ప్రత్యేకంగా ఖండిస్తున్నాం.

శిక్షణ అంటే ఏమిటో ఒకసారి దగ్గరి నుంచి చూడాలని పెద్దలకు మనవి. ఫిట్టర్ ట్రేడ్ రెండేళ్లు. మొదటి నెలల్లో పిల్లవాడి చేతికి ఒక మైల్డ్ స్టీల్ ముక్క, ఒక ఆకురాయి ఇస్తారు. వైస్‌లో బిగించి రుద్దాలి. భుజం నుంచి తోయాలి, మణికట్టు నుంచి కాదు. ముందుకు పోయేటప్పుడే ఒత్తిడి, వెనక్కి వచ్చేటప్పుడు వదులు. ట్రై స్క్వేర్ ఆనించి వెలుతురుకు ఎత్తి చూస్తే అంచు కింద నుంచి సన్నటి గీత కనబడుతుంది, అది పోయేదాకా మళ్లీ రుద్దాలి. వెర్నియర్ మీద 0.02 మిల్లీమీటరు చదవడం వచ్చేసరికి అరచేతిలో బొబ్బలు కాయ కడతాయి. పక్కన నిలబడి "మోచెయ్యి దించు" అనే ఏటీఓ ఉంటేనే అది వస్తుంది. పోస్టు ఖాళీగా ఉండి, వెల్డర్ ట్రేడ్ మాస్టరు వచ్చి ఫిట్టర్ బ్యాచ్ హాజరు వేసిపోతే పోర్టల్‌లో ఆ రోజు శిక్షణ జరిగినట్టే. ముక్క మాత్రం వంకరగానే ఉంటుంది. ఇది హైదరాబాద్ డ్యాష్‌బోర్డులో కనబడదు. వారానికోసారి వర్క్‌షాపు గడప తొక్కే మనిషికి కనబడుతుంది. ఆ మనిషిని పంపే బోర్డు కావాలన్నదే మా గొడవంతా.

మా చుట్టూ పనులు లేవా అంటే ఉన్నాయి. భూపాలపల్లిలో సింగరేణి గనులు, చెల్పూరులో జెన్‌కో వారి 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం, అంబటిపల్లి దగ్గర 85 గేట్ల మేడిగడ్డ బ్యారేజీ, కన్నెపల్లి పంపుహౌస్. 2022 జూలై వరదకు ఆ పంపుహౌస్ మునిగింది. 2023 అక్టోబరు 21న బ్యారేజీ ఏడో బ్లాకులో పియర్లు కుంగాయి. ఎవరి తప్పో తేల్చడానికి కమిషన్ వేశారు, దాని జోలికి మేం పోవడం లేదు. గేటు ఎత్తినా దించినా, మోటారు విప్పినా బిగించినా ఫిట్టరు, ఎలక్ట్రీషియన్, వెల్డరు, క్రేన్ ఆపరేటరు ఉండాల్సిందే. ఈ సంస్థలకు రాబోయే పదేళ్లలో ఏ పనివాళ్లు ఎందరు కావాలి, మా ఐటీఐల్లో ఆ ట్రేడ్‌లు ఎన్ని సీట్లతో ఉన్నాయి అన్న రెండు అంకెలను ఒక బల్ల మీద పక్కపక్కన పెట్టి జనం ముందు మాట్లాడే చోటు లేదు. జనగామ పక్కన పెంబర్తిలో ఇత్తడి రేకు మీద ఉలి పెట్టే చేతులకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మహదేవపూర్ దసలి పట్టు నేతకూ పేరున్నది. ముప్పై ఏళ్లుగా పని చేస్తున్న మనిషిని కొన్ని గంటలు కూర్చోబెట్టి సర్టిఫికెట్ ఇచ్చి "నైపుణ్యం కల్పించాం" అని లెక్క రాసుకోవడం ఆ మనిషికి గౌరవం కాదు. ఆయన దగ్గర నేర్చుకునే కుర్రాడికి నెలనెలా స్టైపెండ్ ఇస్తే గౌరవం. దాన్ని అడగగల సభ్యుడు ఏ కమిటీలో ఉన్నాడు? ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యాసాధ్యాలు చూడాలని 2014 విభజన చట్టంలోనే ఉంది, బయ్యారం ఉక్కు మాట అదే. దాని గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది.

పరిశ్రమలు వద్దని మేం అనడం లేదు. 2024 జూన్ 18న హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐలో రాష్ట్ర ప్రభుత్వ పెద్దలు శంకుస్థాపన చేసి, 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో పదేళ్ల ఒప్పందం మీద రూ.2,324 కోట్లతో అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మారుస్తామన్నారు. మా పిల్లలు సీఎన్‌సీ యంత్రం ముందు నిలబడితే మాకంటే సంతోషించేవాళ్లు లేరు. 2025 మే నెలలో కేంద్రం రూ.60,000 కోట్లతో వెయ్యి ఐటీఐల ఉన్నతీకరణకు ఆమోదం తెలిపింది, ఆస్తి ప్రభుత్వానిది, నిర్వహణ పరిశ్రమది అన్నది దాని మూలసూత్రం. ఇక్కడే మా అభ్యంతరం. 2007లో 1,396 ఐటీఐలకు తలా రెండున్నర కోట్ల దాకా వడ్డీలేని అప్పు ఇస్తామన్న పథకంలో పెట్టిన యాజమాన్య కమిటీల్లో ఛైర్మన్ పరిశ్రమ మనిషి, ఇంకో నలుగురు ఆయన ఎంచుకున్నవాళ్లు. అయినా శిక్షకులకు ఒక కుర్చీ, విద్యార్థులకు ఒక కుర్చీ కాగితం మీదైనా రాశారు. తల్లిదండ్రులకు, కార్మిక సంఘానికి, గెలిచిన ప్రజాప్రతినిధికి ఆనాడే చోటు లేదు. ఊరి బడిలో పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు పాళ్లకు తగ్గకుండా తల్లిదండ్రులే ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం అంటున్నది. అదే తల్లి, బిడ్డ పదో తరగతి దాటి ఐటీఐ గేటులోకి పోయిన రోజు నుంచి దేనికీ పనికిరాని మనిషి ఎట్లా అవుతుంది? యంత్రం ఇచ్చిన కంపెనీ బల్ల దగ్గర ఉండాలి. బల్లంతా ఆక్రమించకూడదు.

ప్రపంచమంతా పరిశ్రమకే వదిలేసిందని ఎవరైనా అంటే జర్మనీ చూడమంటాం, అందరూ దాని పేరే చెబుతారు గనుక. అక్కడ ప్రాంతీయ ఛాంబర్లలో వృత్తి శిక్షణ కమిటీ ఉంటుంది. చట్టం ప్రకారం యజమానుల వైపు ఆరుగురు, కార్మికుల వైపు ఆరుగురు, సలహా హోదాలో టీచర్లు ఆరుగురు. అమెరికాలో 2014 చట్టం కింద పనిచేసే స్థానిక బోర్డుల్లో వ్యాపారులదే ఆధిక్యం, కానీ ఐదో వంతైనా కార్మికుల తరఫువాళ్లుండాలి, సమావేశాలు బహిరంగంగా జరగాలి. జర్మన్ యంత్రాలు తెచ్చుకుంటూ ఆ కమిటీని మాత్రం ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టులో వదిలి వస్తున్నారు మనవాళ్లు.

ఇట్లాంటి బోర్డులు పెడితే రాజకీయం చొరబడుతుంది, సీట్ల కోసం పైరవీలు మొదలవుతాయి అని కొందరు అధికారులు మాతో అన్నారు. చొరబడుతుంది, కాదనం. జడ్పీటీసీ తన మేనల్లుడికి కాంట్రాక్టు అడగవచ్చు. ఆ మాట నలుగురి ముందు అడగాల్సి వస్తుంది, మినిట్స్‌లో పడుతుంది, ఐదేళ్లకు ఓటరు ముందుకు పోవాల్సి ఉంటుంది. సున్నాల ఖాతాలు కొట్టినవాళ్లు ఎవరి ముందుకు పోవాలి? 2024 సెప్టెంబరులో రాష్ట్రం విద్యా కమిషన్ వేసి ఆకునూరి మురళి గారిని ఛైర్మన్‌ను చేసింది. భూపాలపల్లి జిల్లా పుట్టినప్పుడు ఆయనే కలెక్టర్, మా గుట్టలూ వాగులూ ఎరిగిన మనిషి. కమిషన్ సిఫారసు చేయగలదు. ప్రతి మంగళవారం పోయి వర్క్‌షాపు తాళం ఎందుకు తీయలేదని అడగలేదు. రాష్ట్రం పెట్టిన యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీకి 2024లో పారిశ్రామికవేత్త ఆనంద్ మహీంద్రా గారిని ఛైర్మన్‌ను చేశారు, మంచిదే, ఆయనను కాటారం ఎందుకు రాలేదని మేం అడగబోవడం లేదు.

కాబట్టి మా డిమాండ్లు ఇవి. కాళేశ్వరం జోన్‌తో మొదలుపెట్టి ప్రతి జోన్‌కూ చట్టబద్ధమైన విద్యా, నైపుణ్య శిక్షణ పర్యవేక్షణ బోర్డు వేయాలి. అందులో సగం మంది గెలిచిన జడ్పీటీసీలు, సర్పంచులు కావాలి, ఏజెన్సీ మండలాల నుంచి గిరిజన సభ్యులు తప్పక ఉండాలి. మిగతా సగంలో శిక్షకులు, చదువుతున్నవాళ్లు, కార్మిక సంఘాలు, పరిశ్రమలు సమానంగా ఉండాలి, సింగరేణి, జెన్‌కో ప్రతినిధులు సంతకం చేసే హోదాలో రావాలి. జోన్ గీతలు అడ్డం వస్తాయంటే జనగామ, మహబూబాబాద్‌ల నుంచి ఆహ్వానితులుగా ఇద్దరిద్దరు కూర్చోవడానికి ఒక చిన్న సవరణ చాలు. ట్రైనింగ్ పార్ట్‌నర్‌కు ఆఖరి వాయిదా సొమ్ము బోర్డు తనిఖీ సంతకం లేకుండా విడుదల కాకూడదు. ఏటీఓ ఖాళీల పట్టిక ప్రతి ఐటీఐ గేటు మీద, తేదీ వేసి, తెలుగులో అంటించాలి. 65 కేంద్రాల ఒప్పంద పత్రం మొత్తం తెలుగులో జిల్లా గ్రంథాలయాల్లో ఉంచాలి, పదేళ్ల తర్వాత ఆ యంత్రాలు ఎవరివో అందులో ఏ పేజీలో ఉన్నదో మాకు చూపించాలి.

బోర్డుకు చట్టం, చట్టానికి సభ, సభకు సమయం కావాలంటారు, తెలుసు. సోషల్ ఆడిట్‌కు కొత్త చట్టం అక్కరలేదు. సిబ్బంది ఉన్నారు, టెంటు ఉన్నది, మైకు ఉన్నది. 2015 నుంచి మహదేవపూర్ మండలంలో ఏ పథకం కింద ఎవరెవరికి ఏ ట్రేడ్‌లో శిక్షణ ఇచ్చినట్టు రాశారో ఆ జాబితా తెచ్చి మండల ప్రజావేదికలో చదవాలి. ఆ పని చేయాలని కోరుతూ ఈ ప్రకటన ప్రతిని మూడు జిల్లాల కలెక్టర్లకు, ఉపాధి, శిక్షణ శాఖకు, విద్యా కమిషన్‌కు అందజేస్తున్నాం. జాబితా ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద ఊరూరి నుంచి విడివిడిగా దరఖాస్తులు పెడతాం, వచ్చిన పేజీలను మేమే చదివిస్తాం.

సంఘం కార్యవర్గం తరఫున
కాళేశ్వరం